ఆ ‘ప్రాజెక్టు’ చేసింది ఎవరు?

సంపాదకులు గారికి,

నమస్కారములు. బడులు తెరిచి వారం తిరగకముందే మా మనవరాలి బడి నుంచి మా కోడలి వాట్సాప్‌కు ఈ ఏడాది ‘యాక్టివిటీ’ల పట్టిక వచ్చింది. పాప యూకేజీ చదువుతోంది. మొన్న వేసవిలోనే ఐదేళ్లు నిండాయి. జూలైలో థర్మోకోల్‌తో సౌరకుటుంబం, ఆగస్టులో మెరుపు కాగితాల నెమలి, సెప్టెంబరులో రవాణా సాధనాలు అంటూ నెలకొకటి చొప్పున రాసి, ‘చక్కగా, నీటుగా చేయించి పంపగలరు’ అని కింద చేర్చారు. ఎవరి చేత చేయించాలో మాత్రం అందులో లేదు. అది తల్లులకు పడిన పనేనని బడివారికీ తెలుసు, తల్లులకూ తెలుసు కాబట్టి రాయనక్కరలేదనుకున్నారేమో. పశ్చిమగోదావరి జిల్లాలో 31 సంవత్సరాలు ప్రాథమిక పాఠశాలల్లో, అందులోనూ ఎక్కువ కాలం ఒకటి, రెండు తరగతులకు పాఠాలు చెప్పి విరమణ పొంది, ప్రస్తుతం హైదరాబాదులో కొడుకు దగ్గర ఉంటున్న నేను, ఈ పద్ధతి గురించి మీ పత్రిక ద్వారా నాలుగు మాటలు చెప్పదలిచాను.

నిరుడు ఎల్‌కేజీలో ‘ఇళ్లు – రకాలు’ అనే అంశం ఇచ్చారు. ఆ కబురు వచ్చిన సాయంత్రమే పాప చెప్పుల డబ్బా ఒకటి తెచ్చుకొని, నా చేత దానికి రెండు కంతలు కోయించుకుంది. కిందిది మనుషులకు, పైకప్పుకు దగ్గరగా ఉన్నది పిల్లికి. పిల్లి గోడ మీది నుంచి వస్తుంది కాబట్టి దాని గుమ్మం పైనే ఉండాలని ఆమె లెక్క. ఇస్త్రీవాడు బట్టలు చుట్టి ఇచ్చిన కాగితాన్ని చింపి, మైదా బంకతో గోడలకు అంటించి, మూత మీద కొబ్బరి పీచు పరిచింది. ఇంటి ముందు ముగ్గు ఉండాలని బియ్యప్పిండి చల్లితే అది బంకలో పడి ఉండలు కట్టింది. మూడు రోజులు పట్టిన ఆ ఇల్లు ఒకవైపు ఒరిగి, చూడటానికి ఏమంత బాగుండలేదన్న మాట వాస్తవమే. పంపేందుకు మా కోడలికి మనసొప్పక, బడి పక్కనున్న ఫ్యాన్సీ దుకాణానికి వెళ్లింది. ‘ఏ క్లాసు, ఏ టాపిక్కు?’ అని మాత్రమే అడిగి, దుకాణదారు లోపలి నుంచి గుడిసె, మేడ, మంచు ఇల్లు మూడూ అతికించిన తయారీ అట్టను తెచ్చి ఇచ్చి 350 రూపాయలు తీసుకున్నాడట. మర్నాడు పాప చేతి మీద నక్షత్రం ముద్ర పడింది. రాత్రి స్నానంలో అది చెరిగిపోతే పాప పట్టించుకోలేదు గానీ, ఆ వారమే ఇల్లు ఊడ్చేటప్పుడు చెప్పుల డబ్బా చెత్తలోకి పోయినందుకు గంటసేపు ఏడ్చింది.

ఇందులో మా కోడలి తప్పేమీ లేదు. ఆమె ఉద్యోగం చేసి రాత్రి ఎనిమిదింటికి ఇంటికి వచ్చే మనిషి. పక్క పిల్లల అట్టలన్నీ మెరుస్తుంటే తన పిల్లది వెనక బల్ల మీదికి పోతుందని భయపడింది. నాలుగేళ్ల పిల్ల చేసిన వస్తువు నాలుగేళ్ల పిల్ల చేసినట్టే ఉంటుందన్న సంగతిని బడి ఒప్పుకోనప్పుడు తల్లి మాత్రం ఏం చేస్తుంది?

చిన్నపిల్లల చేతిపనికి బడిలో చోటు ఎందుకు ఇస్తామో ఒకసారి గుర్తుచేసుకోవాలి. తయారైన వస్తువును గోడకు తగిలించడానికి కాదు. ఒకటో తరగతిలో చేరిన పిల్లల్లో బలపం పట్టుకోలేనివారు ఏటా నలుగురైదుగురు ఉండేవారు. బలపం విరిగేంత గట్టిగా పట్టేవారు కొందరు, అసలు వేళ్లే బిగించలేనివారు కొందరు. వాళ్లకు మొదటి నెలంతా నేను అక్షరాలు పెట్టేదాన్ని కాదు. పాత వార్తాపత్రికలు ఇచ్చి చింపమనేదాన్ని. ఇది వినడానికి పనికిమాలిన పనిలా ఉంటుంది. మీ పత్రికనే ఒక పుట తీసుకొని పైనుంచి కిందికి చింపి చూడండి, ఇంచుమించు సూటిగా చిరుగుతుంది. అదే పుటను అడ్డంగా చింపండి, ఎంత జాగ్రత్తపడినా వంకర తిరిగిపోతుంది. కాగితంలో పీచు ఒకవైపుకు పరుచుకొని ఉండటమే దీనికి కారణం. ఆ మాట నేను చెప్పకుండానే పిల్లలు రెండో రోజుకల్లా కాగితాన్ని తిప్పి పట్టుకోవడం నేర్చేవారు. సన్నని పట్టీలు చింపడం, వాటిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఉండలు చుట్టడం, తరువాత పడవ మడతలు, మడత మీద గోరుతో గీత తీయడం, ఇవన్నీ అయ్యేసరికి ఆ వేళ్లు బలపానికి లొంగేవి. ఎదిగిన మనిషి చేసిపెట్టిన నెమలిని బడికి మోసుకుపోయిన పిల్లకు ఇందులో ఏ ఒక్కటీ దక్కదు.

ఈ వేసవిలో జరిగిన ఒక సంగతి కూడా చెప్పాలి. మా వీధి మొదట్లో ముంజలు అమ్మే ఆయన దగ్గర ఖాళీ తాటి బుర్రలు కుప్పగా పడి ఉంటే, అడిగి ఆరు తెచ్చాను. గోదావరి జిల్లాల్లో పెరిగినవారికి ముంజల బండి గురించి చెప్పనక్కరలేదు: రెండు బుర్రల మధ్య ఇరుసుగా ఒక పుల్ల గుచ్చి, పొడవాటి పంగల కర్రను ఆ ఇరుసు మీద ఆనించి తోసుకుంటూ పరుగెత్తడమే. తీగలకు తగులుతున్నాయని కరెంటు వాళ్లు కొట్టి పడేసిన వేపకొమ్మల్లో పంగల కర్ర దొరికింది. మా మనవరాలు, పై అంతస్తు పిల్లలిద్దరు కలిసి చేసిన మొదటి బండి పది అడుగులు కూడా సూటిగా పోకుండా ప్రతిసారీ ప్రహరీ గోడ వైపే తిరిగింది. కర్ర బాగాలేదని కర్ర మార్చారు. తోసేవాడు బాగాలేడని తోసేవాణ్ని మార్చారు. చెబుదామని నాలుక చివరిదాకా వచ్చినా ఊరుకున్నాను. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నోటికి అది తేలికైన పని కాదు. మరునాడు పొద్దున్నే పై అంతస్తు పిల్లవాడు బుర్రలన్నీ వరుసగా పేర్చి ఒకే సైజువి రెండు ఏరాడు. ఒక చక్రం పెద్దది, రెండోది చిన్నది అయితే బండి చిన్నదాని వైపే తిరుగుతుందన్న సంగతి వాడు ఏ పుస్తకంలోనూ చదవలేదు. నాలుగు రోజులకు బుర్రలు వడలి, చీమలు పట్టి, బండి కథ ముగిసింది. ఖర్చు సున్నా.

ఇంట్లో చేసే ఆటవస్తువులన్నీ మంచివేనని నేను అనడం లేదు. ఈ విషయంలో మన అలవాట్లలోనే కొన్ని ప్రమాదాలున్నాయి. మట్టి వినాయకుడికి కళ్లుగా గురివింద గింజలు అద్దడం మనకు తరతరాల ముచ్చట; ఆ గింజను నమిలి మింగితే ప్రాణాంతకమైన విషం. పసిపిల్లలున్న ఇంట్లో వాటికి బదులు మట్టిలోనే కళ్లు గీయడం మేలు. నా తరగతిలోనే ఒక పిల్లవాడు లెక్కలకని ఇచ్చిన శనగగింజను ముక్కులో పెట్టుకుంటే, అది తడికి ఉబ్బి, వైద్యుడి దగ్గరకు పరుగెత్తవలసి వచ్చింది. అందులో పూర్తిగా నాదే పొరపాటు. అప్పటినుంచి గింజలు, పూసలు నా కళ్లెదుట తప్ప పిల్లల చేతికి ఇవ్వలేదు. మూడేళ్లలోపు పిల్లలకైతే నోట్లో పట్టే వస్తువు ఏదీ ఇవ్వకూడదు. పోస్టర్లు అంటించేవారు బంకకు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. పిల్లల కోసం కాచే బంకలో అది ఎంతమాత్రం కలపరాదు. మైదాను చల్లనీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద గరిటె ఆడిస్తూ చిక్కబడే దాకా కాచి, రెండు రోజుల్లో వాడి పారేస్తే చాలు. ఇక సెల్‌ఫోన్లలో ‘పిల్లల క్రాఫ్టులు’ అని కనిపించే వీడియోల్లో సగానికి సగం వేడి జిగురు తుపాకీతో మొదలవుతాయి. అవి పిల్లలు చూడటానికి తీసినవే తప్ప పిల్లలు చేయడానికి తీసినవి కావు.

కావలసిన సరుకంతా మన వంటింట్లోనూ పెరట్లోనూ ఉంది. రెండు గ్లాసుల గోధుమపిండికి ఒక గ్లాసు ఉప్పు, ఒక చెంచా నూనె, సరిపడా నీళ్లు పోసి పూరీ పిండిలా కలిపితే బొమ్మలు చేసుకునే ముద్ద తయారవుతుంది. ఉప్పు ఎక్కువ కనుక తినకూడదని మాత్రం చెప్పాలి. పసుపు, బీట్‌రూట్ రసం, పాలకూర రసం దానికి రంగులు. శంఖుపువ్వులు నాలుగు వేడినీళ్లలో వేస్తే వచ్చే నీలిరంగులో నిమ్మరసం పిండండి, ఊదా రంగుకు తిరిగిన ఆ నీళ్లను చూసి పిల్లలు మిమ్మల్ని ఆ రోజంతా వదలరు. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మల అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఆ చింతగింజల జిగురు ఇంట్లో కాచుకోవడం కష్టమేమీ కాదు. తెలంగాణలో బతుకమ్మకు ముందు ఆడపిల్లలు పుట్టమన్నుతో అంతస్తులుగా కట్టే బొడ్డెమ్మను మించిన మట్టిపని ఏ ‘కిట్’లో దొరుకుతుంది? మా అమ్మ పాత కాగితాలను నాలుగు రోజులు నానబెట్టి, మెంతులు వేసి రోట్లో రుబ్బి, బిందె బోర్లించి దాని మీద ఆ గుజ్జు మెత్తి బుట్టలు చేసేది. మెత్తే పని మాదే. ఎండాక బిందె నుంచి ఊడదీసేటప్పుడు వచ్చే ‘టప్’మనే చప్పుడు కోసం నేనూ మా తమ్ముడూ తగవులాడుకునేవాళ్లం. అలా ఎన్ని దినపత్రికలు బుట్టలయ్యాయో చెబితే సంపాదకులుగా మీకు కోపం రావచ్చు.

చెత్తతో ఆటబొమ్మలు చేసి పిల్లలకు విజ్ఞానం నేర్పవచ్చని దేశమంతటా చేసి చూపిన అరవింద్ గుప్తాకు కేంద్ర ప్రభుత్వం 2018లో పద్మశ్రీ ఇచ్చింది. ఆయన చేతిలో అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలే జ్యామితి పెట్టె. 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆటపాటల ద్వారానే చదువు ఉండాలని చెప్పింది. ఆ బాటలోనే 2023 ఫిబ్రవరిలో బొమ్మలు, పజిళ్లు, తోలుబొమ్మల వంటి వాటితో ‘జాదూయీ పిటారా’ అనే పెట్టెను విడుదల చేశారు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు కూర్చొని తెర చూసే సమయం రోజుకు గంట మించరాదనీ, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే సూచించింది. అంటే కాగితం మీద మనకు లోటేమీ లేదు. పాప నెమలిని తల్లి రాత్రి పదకొండింటిదాకా అతికిస్తూ ఉంటే, పాపను కదలకుండా కూర్చోబెట్టడానికి చేతికి సెల్‌ఫోన్ ఇవ్వడం మాత్రం మా ఇంట్లో నేను కళ్లారా చూశాను.

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల పాఠశాల విద్యాశాఖలకు నా విన్నపం ఒక్కటే: రెండో తరగతి పూర్తయ్యే దాకా చేతిపనిని ఇంటిపనిగా ఇవ్వకూడదని, బడివేళల్లో, బడిలోనే, పిల్లల చేతులతోనే చేయించాలని ప్రభుత్వ, ప్రైవేటు బడులన్నిటికీ స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి. వారానికి రెండు గంటలు, తరగతికి ఒక అట్టపెట్టె నిండా ఇంటింటి నుంచి తెచ్చిన పాత కాగితం, సీసా మూతలు, దారం, గుడ్డపేలికలు ఉంటే సరిపోతుంది. నలభై మంది పిల్లలున్న తరగతిలో ఒక్క పంతులమ్మ ఇదంతా ఎలా చేయించగలదని అడుగుతారు. నేను యాభై ఇద్దరితో చేయించాను. గది మురికి అవుతుంది, గోల అవుతుంది, పక్క తరగతివారు వచ్చి తలుపు కొడతారు, అంతకు మించి ఏమీ కాదు. దానికి నక్షత్రాలు, మార్కులు, ‘నీట్‌నెస్’ వ్యాఖ్యలు అక్కరలేదు. చివర పది నిమిషాలు ఊడ్చే పని కూడా పిల్లలదే అయితే వాళ్లు దాన్నీ ఆటగానే చేస్తారు.

మీ పత్రికకు కూడా ఒక మనవి ఉంది. ఆదివారం పిల్లల పుటలో రంగులు వేయమని ఇచ్చే బొమ్మలు ఏళ్ల తరబడి అవే వస్తున్నాయి. వాటికి బదులు, వారానికి ఒక ఇంటి ఆటవస్తువును, ఏ వయసువారికి తగినదో, పెద్దలు పక్కన ఉండాలో అక్కరలేదో చెబుతూ, కొలతలతో ప్రచురిస్తే ఎందరికో ఉపయోగపడుతుంది. అన్ని జిల్లాల్లోనూ బామ్మలు, తాతలు, అంగన్‌వాడీ కార్యకర్తలు ఇలాంటివి ఎన్నో ఎరిగి ఉన్నారు. పాఠకులను అడిగితే మీకు ఏడాదికి సరిపడా వస్తాయి. మీరు సరేనంటే మొదటి వారానికి తాటాకు గాలిపంకా చేసే విధానం బొమ్మలతో సహా నేనే రాసి పంపుతాను. తాటాకు దొరకని ఊళ్లవారి కోసం కొబ్బరాకు కొలతలు కూడా అందులోనే ఇస్తాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
హైదరాబాదు