మూడు లక్షలు తిరిగిన కారుకు బస్సు ఆయిల్ పోశాను

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో వారం వారం వచ్చే బండ్ల పేజీ వదలకుండా చదువుతాను. ఎప్పుడు చూసినా కొత్త మోడళ్లే. సన్‌రూఫ్ ఉందా, తెర ఎన్ని అంగుళాలు, ఇదే గొడవ. మా హనుమకొండ గల్లీలో నిలబడి చూస్తే పదేళ్లు దాటిన కార్లే ఎక్కువ కనబడతాయి. వాటి గురించి ఒక్క ముక్క ఉండదు. అందుకే ఈ ఉత్తరం.

నేను ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. ఆయిల్ గురించి నాకొకరు చెప్పేదేమిటి అనే గర్వం ఉండేది. ఆ గర్వంతోనే ఒక తప్పు చేశాను, ముందు అదే చెబుతాను.

మా అల్లుడిది 2013 మోడల్ స్విఫ్ట్ డిజైర్, డీజిల్. ఉద్యోగం భూపాలపల్లిలో. పరకాల, రేగొండ, చెల్పూరు మీదుగా పోను అరవై పైన, రాను అరవై పైన. ముందూ వెనకా బొగ్గు టిప్పర్లు. పోయినేడు మీటరు మూడు లక్షలు దాటింది. అప్పుడే ఆయిల్ తగ్గడం మొదలైంది, నెలకు దాదాపు లీటరు. ఆ ఇంజిన్‌లో పట్టేదే మూడు లీటర్ల చిల్లర. "మామా, పిస్టన్ రింగులు పోయి ఆయిల్ కాలిపోతుందంటున్నరు. ఇంజిన్ విప్పి బోరు పని చేయించనీకి పెట్టే పైసలకు ఇంకిన్ని కలిపి కొత్తది తీస్కుందాం" అన్నాడు.

"ముసలి ఇంజిన్‌ల పలచటి ఆయిల్ ఆగది, చిక్కటిది పోద్దాం ఆగు" అని, డిపోలో బస్సులకు ఏళ్ల తరబడి వాడిన 15డబ్ల్యూ-40 గ్రేడు ఆయిల్ తెచ్చి పోశాను. నెల తిరిగేసరికి తగ్గడం సగమైంది. మీసం మీద చెయ్యేసుకున్నాను.

డిసెంబరు వచ్చింది. పొద్దున్నే తాళం తిప్పగానే ఇంజిన్లోంచి గలగలమని చప్పుడు, రెండు మూడు సెకన్లకు సర్దుకునేది. ఆ చప్పుడు నాకు అర్థం కావాలి, కానీ వయసైన బండి కదా అని నేనే సర్దిచెప్పుకున్నాను. వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పడానికి ఈ ఇంజిన్‌కు టైమింగ్ బెల్టు ఉండదు, చైను ఉంటుంది. చైనును బిగించి పట్టే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితోనే నిలబడుతుంది. ఆయిల్ అక్కడికి చేరడం ఆలస్యమైతే చైను వదులుగా కొట్టుకుంటుంది. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో పరిస్థితి ఇంకా నాజూకు. నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే ఆ సన్నటి షాఫ్టు ఆయిల్ పొర మీదే తేలుతుంది.

మా అమ్మాయి అడిగింది: "బండితో ఇచ్చిన బుక్కుల ఏముంది నాన్నా?" ఆ పుస్తకం డాష్‌బోర్డు అరలో, ప్లాస్టిక్ కవర్ కూడా చించకుండా పన్నెండేళ్లుగా పడి ఉంది. తీసి చూస్తే, పోయాల్సిన ఆయిల్ గ్రేడు 5డబ్ల్యూ-30.

డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ అంత సులువుగా పారుతుంది. మే నెలలో 45 డిగ్రీలు కాసే వరంగల్‌లో చలి లెక్క మనకెందుకు, 5 అయితేనేం 15 అయితేనేం అని షెడ్లలో అందరూ అనేదే, నేనూ అన్నదే. కానీ ఆయిల్ లెక్కలో మన ఎండ కూడా చలే. వెనక ఉండే 30, 40 అనే అంకెలు వంద డిగ్రీల వేడిలో ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెబుతాయి. ఇంజిన్ పని చేసేది ఆ వేడి దగ్గర. అదే ఆయిల్ 40 డిగ్రీల దగ్గర ఆరేడు రెట్లు చిక్కగా ఉంటుంది. ఇక డిసెంబరు పొద్దున సంగతి చెప్పక్కర్లేదు. అంత చిక్కటిదాన్ని పంపు, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులోంచి లాగి సన్నటి దారుల్లో పైదాకా నెట్టాలి. బస్సు ఇంజిన్ కట్టుబడి వేరు, దానికి నా 15డబ్ల్యూ-40 బ్రహ్మాండం. దీనికి కాదు.

సరే, 5డబ్ల్యూ-30 తిరిగి పోస్తే చప్పుడు పోయింది, ఆయిల్ తగ్గడం మళ్లీ మొదటికొచ్చింది. అప్పుడు బుద్ధిగా ఆలోచించాను. రింగులు పోతే ఎక్సలేటర్ తొక్కినప్పుడు నీలం పొగ రావాలి. వాల్వు సీళ్లు పోతే పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్క గుప్పు నీలంగా వచ్చి ఆగాలి. రెండూ లేవు. మరి ఎటు పోతున్నట్టు?

ఇంజిన్‌ను డీజిల్, బ్రష్షుతో కడిగి, తుడిచి, ఆరబెట్టి, మా ఆవిడ పౌడర్ డబ్బా తీసుకెళ్లి అంతటా చల్లాను. (కొత్త డబ్బా అట. ఇప్పటికీ అంటూనే ఉంది.) పరకాల దాకా పోయొచ్చి బానెట్ ఎత్తితే, తెల్లటి పౌడర్ మీద ఒకే ఒక్క తడి చార. పైకి వెతుక్కుంటూ పోతే ఆయిల్ ఒత్తిడి పడిపోతే డాష్‌బోర్డులో దీపం వెలిగించే ప్రెషర్ స్విచ్చి దగ్గర తేలింది. ఇంజిన్ నడిచేటప్పుడే ఒత్తిడికి కారి, కింద అడ్డంగా ఉన్న ప్లాస్టిక్ షీటు మీద పరుచుకుంటోంది. అందుకే ఇంటి ముందు నేల మీద చుక్క కూడా పడలేదు. చిక్కటి ఆయిల్‌కు అదే లీకు కొంత తగ్గింది, దాన్ని నేను వైద్యం అనుకున్నాను. స్విచ్చి మార్చాను, ఐదు వందలు కూడా కాలేదు.

ఎక్కువ తిరిగిన బండ్లకని ప్రత్యేకంగా 'హై మైలేజ్' ఆయిల్ అమ్ముతారు. మోసం కాదు. గట్టిపడిన రబ్బరు సీళ్లను కొంచెం మెత్తబరిచే మందు అందులో ఉంటుంది, సన్నగా చెమర్చే లీకులకు పనికొస్తుంది. చిరిగిన సీలును అది కుట్టదు, అరిగిన రింగును పెంచదు. కొన్నా గ్రేడు మాత్రం బుక్కులో ఉన్నదే చూసి కొనాలి. ఇంజిన్ ఫ్లష్ అని ఒక డబ్బా పోసి కడుగుతామంటారు, పాత ఇంజిన్‌కు ఆ ముచ్చట వద్దు. అడుగున పేరుకున్న మడ్డి పెళ్లలుగా ఊడి పంపు జల్లెడకు అడ్డం పడితే, ఉన్న ఇంజిన్ కూడా పోతుంది.

కంపెనీ చెప్పింది పది వేల కిలోమీటర్లకు ఒకసారి. బొగ్గు దుమ్ములో తిరిగే బండికి నేను ఏడున్నర వేలకే ఆయిలూ ఫిల్టరూ కలిపి మారుస్తున్నాను, ఎయిర్ ఫిల్టర్ మధ్యలో ఒకసారి తీసి చూస్తాను. మీటరు ఒక్కటే చూడకూడదు కూడా. మేడారం జాతరకు పోయి జామ్‌లో ఏసీ వేసుకుని నాలుగు గంటలు కూర్చుంటే మీటరు తిరగదు, ఇంజిన్ మాత్రం నాలుగు గంటలూ తిరుగుతుంది. రేడియేటర్లో బోరు నీళ్లు పోయకండి. మా డిపోలో తీసిన రేడియేటర్లు నీళ్ల బిందెల్లాగా లోపల తెల్లటి చారలు కట్టి ఉండేవి.

ఆయిల్ మార్చాక ఖాళీ డబ్బా షెడ్డులో వదిలి రాకండి. ఖాళీ డబ్బాలు కొనేవాళ్లు ఉన్నారు, అవి మళ్లీ నకిలీ సరుకుతో నిండి వేరే దుకాణానికి చేరతాయి. నేను అక్కడే స్క్రూడ్రైవర్‌తో బొక్క పెడతాను. మొన్న ఒక కుర్రాడు అదోలా చూశాడు, చూడనీ.

ఎడిటర్ గారూ, మీ పేజీలో నెలకు ఒక్క వారమన్నా పాత బండికి ఇవ్వండి. పాఠకులను ప్రశ్నలు పంపమనండి, మాలాంటి రిటైరైన మెకానిక్‌లు ఈ ఊళ్లో చాలామంది ఖాళీగా ఉన్నాం, జవాబులు రాస్తాం. అల్లుడి కారు ఇప్పుడు 3,26,000 దాటింది. ప్రతి ఆదివారం పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, చదునైన చోట ఆపి ఆయిల్ కొలిచే గేజ్ గుంజి చూసి నోటుబుక్కులో రాస్తున్నాడు. పోయిన నెల రాసిన నాలుగు గీతల్లో తేడా నా కళ్లద్దాలకు కనబడలేదు.

— ఆర్టీసీ విశ్రాంత మెకానిక్, హనుమకొండ