చెట్టుకు అనుమతి సరే, చెట్టెక్కే మనిషి సంగతేంటి?

కార్మిక శాఖ మంత్రి గారికి,
నమస్కారం.

ఇంటి ఆవరణలో చెట్టు కొట్టాలంటే చాలాచోట్ల అనుమతి కావాలి. ఆ దరఖాస్తులో చెట్టు జాతి అడుగుతారు, చుట్టుకొలత అడుగుతారు, ఎందుకు కొడుతున్నారో రాయమంటారు. ఎక్కేది ఎవరు, అతనికి ఆ పని వచ్చా, పక్కనున్న కరెంటు లైను ఎవరు ఆపుతారు అన్న ప్రశ్నలు మాత్రం ఉండవు. చెట్లు కొట్టించే మేస్త్రీగా ఈ లోటు గురించే మీకు రాస్తున్నాను.

అడవిలో చెట్టు కూల్చేటప్పుడు దాని ఎత్తుకు రెండింతల దూరం దాకా ఎవరూ ఉండకూడదన్నది పాత నియమం. ఇళ్ల మధ్య అంత జాగా ఎక్కడిది? ఒక పక్క ప్రహరీ, ఇంకో పక్క పొరుగింటి కప్పు, పైన కరెంటు తీగలు. మొదలు దగ్గర కోసి పడేయడం కుదరదు కాబట్టి మనిషి పైకెక్కి, చివర నుంచి ముక్కలుగా కోసుకుంటూ దిగాలి. నేల మీద నిలబడి పట్టుకోవడానికే భయపడాల్సిన రంపం మెషిన్‌ను తాడుకు వేలాడుతూ నడపాలి. పూర్తి వేగంలో దాని గొలుసు సెకనుకు 20 మీటర్లకు పైగా పరిగెడుతుంది. బ్లేడు ముక్కు పైభాగం ఏ కొమ్మకైనా తగిలిందంటే, చెయ్యి ఆపేలోపే రంపం మొహం మీదికి ఎగిరొస్తుంది. పైగా నడుముకు కట్టుకున్న తాడుకూ గొలుసుకూ మధ్య ఒక్కోసారి జానెడు దూరం కూడా ఉండదు. ఒక్కసారి ఆనితే చాలు, తాడు తెగుతుంది. కోసేటప్పుడు రెండు చోట్ల కట్టుకోవాలనేది అందుకే. చాలామంది ఒక్క తాడుతోనే కానిచ్చేస్తారు, రెండోది విప్పి మళ్లీ కట్టడానికి టైం పడుతుందని.

కింద ఉన్నవాడికీ గండమే. అర మీటరు మందం, మీటరు పొడవున్న పచ్చి దుంగ 200 కిలోల దాకా తూగుతుంది. తాడు మీద దించుతుండగా అది ఒక్కసారిగా జారితే పడే కుదుపు అసలు బరువుకు ఎన్నో రెట్లు. కొమ్మలు లాగేసే కుర్రాడు సరిగ్గా దాని కిందే తిరుగుతుంటాడు. పైవాడు కేకేసినా రంపం మోతలో వినపడదు. ఈ కుర్రాళ్లు తరచూ పనికి కొత్త. పైకి ఎక్కేది లేదు కదా అని ఎవరూ వాళ్లకు ఏమీ నేర్పరు.

ఇక కరెంటు. తీగను ముట్టుకోనక్కర్లేదు, చేతిలోని పచ్చికొమ్మ ఆనినా ప్రాణం పోతుంది. అమెరికా నిబంధనలు ప్రత్యేక శిక్షణ లేనివాళ్లను 50 కిలోవోల్టుల వరకున్న లైన్లకు 10 అడుగుల లోపు రానివ్వవు. మేం కొట్టే చెట్లలో సగం తీగల్లోంచే పెరిగి ఉంటాయి. లైను ఆపించాలంటే అర్జీ పెట్టి ఎదురుచూడాలి, ఇంటివాళ్లకేమో పని ఈ రోజే అయిపోవాలి. ఆ టెన్షన్‌లో "పక్క నుంచి కోసేద్దాంలే" అంటారు.

పైన దెబ్బ తగిలి స్పృహ తప్పితే, బెల్టుకు వేలాడుతూ కదలకుండా ఉండిపోయిన మనిషికి నిమిషాల్లోనే ప్రాణం మీదికొస్తుంది. ఎక్కి దించగలిగిన రెండో మనిషి చాలా జట్లలో ఉండడు.

ప్రమాదం జరిగాక బాధ్యుడు దొరకడు. ఇంటాయన కాంట్రాక్టరును చూపిస్తాడు, కాంట్రాక్టరు మేస్త్రీని చూపిస్తాడు, మేస్త్రీ "రోజుకూలీ, మా మనిషి కాదు" అంటాడు. అంతర్జాతీయ కార్మిక సదస్సు 2022 జూన్‌లో సురక్షితమైన పనిచోటును పనిలో ప్రాథమిక హక్కుల్లో చేర్చింది. ఫ్యాక్టరీ అయితే తనిఖీకి ఎవరో ఒకరు వస్తారు. పెరట్లో పూట పనికి ఎవరొస్తారు?

అందుకే అనుమతి కాగితం దగ్గరే పట్టుకోండి. ఎక్కే మనిషి పేరు, పని నేర్చుకున్న రుజువు, లైను ఆపే సమయం, కిందికి దించగల రెండో మనిషి, ప్రమాదం జరిగితే పరిహారం ఇచ్చే బాధ్యుడు. ఇవి లేకుండా అనుమతి ఇవ్వకండి. లైను ఆపడానికి ఫీజు వద్దు, శిక్షణ ఉచితంగా ఇవ్వండి. లేకపోతే అందరూ అనుమతే మానేసి చాటుగా కొట్టిస్తారు. జరిమానా పని ఇచ్చినవాడికి వేయండి, కూలీకి కాదు. గాలివానకు పడిన చెట్లు తీసేటప్పుడు అనుమతికి టైం ఉండదు, కానీ వంగి బిగుసుకున్న కొమ్మలు కోయగానే కొరడాలా కొడతాయి. ఆ పనికి నేర్చుకున్న జట్లనే పంపేలా ముందే జాబితా పెట్టుకోవాలి.

హెల్మెట్లు పంచి ఫొటోలు దిగే కార్యక్రమం మాత్రం పెట్టకండి. హెల్మెట్ కావాల్సిందే, కాలికి రంపం తగిలితే దాని గొలుసును ఇరికించి ఆపే ప్యాంటూ కావాల్సిందే. కానీ ఉక్కపోతకు ఆ ప్యాంటు మడతపెట్టి బండిలోనే ఉంచేస్తారు. వేసుకున్నాకే పని మొదలుపెట్టించే బాధ్యత ఒకరి మీద ఉంటే తప్ప అది ఒంటి మీదికి రాదు.

దరఖాస్తుకు చేర్చాల్సిన ప్రశ్నల నమూనా ఒక పేజీ రాసి దీనికి జతచేశాను. మీ అధికారులు దిద్ది, వచ్చే ఈదురుగాలుల కాలానికి ముందే జారీ చేయిస్తారని కోరుతున్నాను.

ఇట్లు,
చెట్లు కొట్టించే ఒక మేస్త్రీ