ఆడపిల్లల ఆటలకు తేదీలు వేసేటప్పుడు

సంపాదకులు గారికి,

మే, జూన్ నెలల్లో తెలుగు పత్రికల ప్రవాస పేజీల నిండా గ్రాడ్యుయేషన్ ఫొటోలే. గౌను, టోపీ, పక్కన పట్టుచీరలో అమ్మ, కింద మార్కులు, సీటొచ్చిన యూనివర్సిటీ పేరు. ఆ అమ్మాయి నాలుగేళ్లు వాలీబాల్ ఆడిందో, సాఫ్ట్‌బాల్ ఆడిందో ఒక్క ముక్క ఉండదు. ఫొటో పంపే తల్లిదండ్రులే ఆ సంగతి రాయరు కాబట్టి పత్రికలను అని లాభం లేదు. మా అమ్మాయి అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ శివార్లలో ఒక కాథలిక్ బాలికల హైస్కూల్లో చదువుతోంది. నేను గుంటూరు జిల్లాలో సిస్టర్ల బడిలో చదువుకున్నాను. రెండూ చూసినదాన్ని కనుక ఈ ఉత్తరం.

ఇక్కడ బడి ఆటలకు ఏడాదిలో మూడు సీజన్లు. ఆగస్టు నుంచి నవంబరు దాకా వాలీబాల్, క్రాస్ కంట్రీ పరుగు. చలికాలమంతా బాస్కెట్‌బాల్. మంచు కరిగాక సాకర్, సాఫ్ట్‌బాల్, ట్రాక్. ఏ సీజన్ ఎప్పుడు మొదలవుతుందో, ఫైనల్స్ ఏ వారమో రాష్ట్ర హైస్కూల్ క్రీడల సంఘం చాలా ముందే ప్రకటిస్తుంది. తీసుకున్న చదువులో దాదాపు మూడింట రెండు వంతులు పాసవుతుంటేనే ఆడనిస్తారు. ఆటలో పడి చదువు పాడవుతుందేమోనన్న మన టెన్షన్‌కు సగం జవాబు అక్కడే ఉంది.

చివరి సీజన్ గ్రాడ్యుయేషన్‌తో ఆగదు. దివ్యపూజ, తెల్ల గౌన్లు, చేతుల్లో గులాబీలు, ఆ సంబరమంతా సాధారణంగా మే చివర్లోనో జూన్ మొదట్లోనో అయిపోతుంది. సాకర్, సాఫ్ట్‌బాల్ రాష్ట్ర ఫైనల్స్ జూన్ మధ్యలో. అంటే డిప్లొమా అందుకున్న పిల్ల మళ్లీ అదే బడి జెర్సీ వేసుకుని ప్రాక్టీసుకు వస్తుంది. నిబంధనలు అందుకు ఒప్పుకుంటాయి. ఒప్పుకోనిది మనమే. అమ్మమ్మా తాతయ్యా ఊరి నుంచి వచ్చి ఉంటారు, పార్టీకి హాలు ఎప్పుడో బుక్ చేసి ఉంటాం, అదీ శనివారానికే. టోర్నమెంట్ మ్యాచ్‌లూ చాలావరకు శనివారమే పడతాయి. ‘గ్రాడ్యుయేషన్ అయిపోయిందిగా, ఇంకా ఆటేంటే?’ అని పిల్లను ఆపేస్తాం. సాఫ్ట్‌బాల్ జట్టులో బంతి వేసే పిల్లే రాకపోతే మిగతా ఎనిమిది మంది ఏం చేయాలో ఆలోచించం. హాలు బుక్ చేసేముందు టోర్నమెంట్ తేదీలు చూసుకుంటే తీరిపోయే గొడవ ఇది.

తేదీలే కదా అని తీసిపారేయకండి. ఇదే మిషిగన్‌లో ఆ తేదీల మీద తొమ్మిదేళ్లు కోర్టులో కొట్లాడారు. దాదాపు దేశమంతా అమ్మాయిలు చలికాలంలో బాస్కెట్‌బాల్, అంతకుముందు సీజన్‌లో వాలీబాల్ ఆడుతుంటే, ఇక్కడ మాత్రం తారుమారుగా ఉండేది. కారణం పెద్దదేమీ కాదు. 1972లో చదువుల్లో ఆడ, మగ వివక్ష కూడదనే టైటిల్ నైన్ చట్టం వచ్చాక బడులు అమ్మాయిల జట్లు పెట్టక తప్పలేదు. అప్పటికే చలికాలంలో జిమ్ము, అంటే బడిలో ఆటలాడే హాలు, అబ్బాయిలది. ఖాళీగా ఉన్న నెలల్లో అమ్మాయిలను సర్దారు. దానివల్ల ఇతర రాష్ట్రాల అమ్మాయిలతో సీజన్ కలవక, ఆట చూసి స్కాలర్‌షిప్ ఇచ్చే కాలేజీ కోచ్‌ల కంట్లో పడటం కష్టమయ్యేది. అబ్బాయిలే లేని కాథలిక్ బాలికల బడులకూ అదే గతి. వాళ్ల జిమ్ము చలికాలంలో ఎవరికోసమూ ఖాళీ చేయనక్కర్లేదు. అయినా పోటీకి వచ్చే జట్లన్నీ రాష్ట్ర కేలండర్ ప్రకారమే ఆడతాయి కదా, వీళ్లూ అలాగే ఆడారు!

1998లో కొందరు తల్లిదండ్రులు కేసు వేశారు. అందరికీ ఒకే సీజన్ పెడితే జిమ్ములు, కోచ్‌లు, రెఫరీలు చాలరని, వేరే సీజన్ ఉంటేనే అమ్మాయిల ఆటకు గుర్తింపు దక్కుతుందని క్రీడల సంఘం వాదించింది. కొట్టిపారేయాల్సిన వాదన కాదు, పాత పద్ధతే బాగుందన్న అమ్మాయిలూ ఉన్నారు. కానీ ఆ అసౌకర్యం ఎప్పుడూ అమ్మాయిల వంతే ఎందుకన్నది అసలు ప్రశ్న. అది వివక్షేనని 2001లో ఫెడరల్ కోర్టు తీర్పిచ్చింది. అప్పీళ్లన్నీ ముగిశాక 2007-08 నుంచి సీజన్లు మారాయి. టైటిల్ నైన్‌కు ముందు దేశం మొత్తం మీద హైస్కూల్ ఆటల్లో ఉన్న అమ్మాయిలు 3 లక్షల లోపే. ఇప్పుడు ఆ లెక్క 34 లక్షలు దాటింది.

అమెరికా బడులన్నీ బంగారమని చెప్పడం లేదు. ఇలాంటి బడుల ఫీజు చూస్తే గుండె గుభేలుమంటుంది. తేదీల విషయం మాత్రం మన రెండు రాష్ట్రాలూ గమనించాల్సిందే.

స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో అండర్-17 విభాగంలో ఆడాల్సింది ప్రధానంగా తొమ్మిది, పది తరగతుల పిల్లలు. మన బడుల్లో గేమ్స్ పీరియడ్ మాయమయ్యేది సరిగ్గా ఆ రెండేళ్లలోనే. పరీక్షలు మార్చిలో అయితే, పదో తరగతికి జూన్ నుంచే గ్రౌండ్ బంద్ చేసే బడులు ఎన్నో. మగపిల్లలకు బడి కాకపోతే ఊళ్లో ఖాళీ స్థలం ఉంటుంది, చీకటి పడేదాకా క్రికెట్ ఆడుకుంటారు. ఆడపిల్లకు బడి గ్రౌండ్ పోయిందంటే ఆటే పోయింది. ఇక ఇంటర్‌లో చేరేది చాలామంది అపార్ట్‌మెంట్ లాంటి కాలేజీల్లో. అక్కడ బంతి ఎగరేయడానికి ఆకాశం కూడా సరిగ్గా కనపడదు. పి.వి.సింధు చదివిందీ సిస్టర్లు నడిపే ఆక్సిలియం బడిలోనే. ఆమె ఇంట్లో తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు కాబట్టి చదువుతో పాటు ఆటా నిలిచింది. అలాంటి ఇల్లు లేని పిల్లకు ఆ పని బడే చేయాలి.

రెండు రాష్ట్రాల విద్యాశాఖలను కోరేది ఇదీ. మండలం నుంచి రాష్ట్ర స్థాయి దాకా ఎంపిక పోటీల తేదీలన్నీ జూన్‌లో బడులు తెరిచేనాటికే ప్రకటించాలి. వాటి మీద పరీక్షలు, స్పెషల్ క్లాసులు పెట్టకూడదు. పదో తరగతి అమ్మాయిలకు కనీసం డిసెంబరు దాకా గేమ్స్ పీరియడ్ ఉండాలి, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు దాన్నీ చూడాలి. జీవో కోసం ఎదురుచూడకుండా ముందు మొదలుపెట్టగలిగేవి సిస్టర్ల బడులే. మంచి గ్రౌండ్లు వాటిలో చాలావాటికి ఉన్నాయి. సాయంత్రం ఇంకో గంట గేటు తెరిచి ఉంచి, ఒక పీఈటీ మేడమ్‌ను అక్కడ ఉంచితే చాలు. ఆ గంట జీతం తల్లిదండ్రులు తలా కొంత వేసుకున్నా సరిపోతుంది.

– ఒక పాఠకురాలు,
ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్