ఈ నెల బొమ్మ: గడిలో ఎలుగుబంటి

అందరికీ నమస్కారం. ఈసారి అడవి జంతువుల్ని దర్జాగా ఉన్న ఇంట్లో కూర్చోబెట్టి బొమ్మ వేద్దాం.

ఇది పాత సరదానే. ఫ్రాన్స్‌లోని షాంతిల్లీ కోటలో 1737 నాటి గది గోడల నిండా మనుషుల బట్టలేసుకున్న కోతులే! ఫ్రెంచ్ చిత్రకారుడు హెన్రీ రూసో 1910లో దీన్ని తిరగేసి, అడవి మధ్యలో సోఫా పెట్టి పక్కనే సింహాల్ని నిలబెట్టాడు. ఆ బొమ్మంటే నాకు ప్రాణం.

మనకు అమ్రాబాద్ అడవి పక్కనే ఉంది. పాత గడి, అంటే దొరల బంగళా, దాని వరండాలో పడక్కుర్చీ, అందులో ఎలుగుబంటి. లేదా ఉయ్యాల బల్ల మీద చిరుత, దాని వెనక ఆరేసిన గద్వాల చీర.

ఒక్క మాట. జంతువును కార్టూన్ చేయకండి. ఎలుగు ఛాతీ మీద తెల్లటి చార, పొడవాటి గోళ్లు ఉన్నవి ఉన్నట్టే వేయండి. చిరుతకు వట్టి చుక్కలు పెట్టొద్దు, ఒంటి మీదవి విడివిడి రేకుల్లా ఉంటాయి. జంతువు నిజంగా కనిపిస్తేనే ఆ కుర్చీలో దాన్ని చూసి నవ్వొస్తుంది. కుర్చీ నీడ, జంతువు నీడ ఒకే వైపు పడాలి, మర్చిపోవద్దు.

పిల్లలవి కూడా పంపండి అన్నా, అక్కా. ఆదివారం సాయంత్రంలోగా ఫొటోలు ఇక్కడే పెట్టండి.