నాన్నగారికి, పాత లేతు విషయమై

డెర్బీ, ఇంగ్లండు

పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది.

నేను ఇక్కడ క్షేమంగా ఉన్నాను. మీరు, అమ్మ, చెల్లి క్షేమమని తలుస్తాను. ఉద్యోగం ఎప్పటిలాగే సాగుతోంది, దాని గురించి వ్రాయవలసినది ఏమీ లేదు.

నేను పాత లేతు కొన్నానని బాబాయి చెప్పగానే అమ్మ కంగారుపడిందట. చెల్లి పెళ్ళికని దాచిన డబ్బులో ఒక్క పైసా తీయలేదని అమ్మకు మీరే నచ్చజెప్పాలి. ఇది ఓవర్‌టైము డబ్బుతో కొన్నది. నగిషీలు చెక్కే ఈ రకం లేతులలో పేరు మోసిన హోల్ట్‌జాప్ఫెల్ కంపెనీదైతే నా స్థోమతకు అందేదే కాదు. ఇది పేరు పలక ఊడిపోయి, ఒక ముసలాయన షెడ్డులో దుమ్ముకొట్టుకుని పడి ఉన్నది కనుకనే చవకగా వచ్చింది.

ఆటోనగర్‌లో మీరు షాఫ్టులూ బుష్షులూ తీసిన లేతు వంటిది కాదిది. 1790లలో లండన్‌లో దుకాణం పెట్టిన హోల్ట్‌జాప్ఫెల్ దగ్గర ఇటువంటివి ప్రభువులూ ధనవంతులూ కొనుక్కుని, కాలితో తొక్కుతూ దంతపు డబ్బాల మీద నగిషీలు చెక్కుకునేవారట. మనం పొట్టకూటికి నేర్చుకున్న పనిని వాళ్ళు పొద్దుపోక నేర్చుకున్నారని తెలిసి నాకు నవ్వు వచ్చింది.

ముందు మామూలుగానే ఆకారం తీసి, తరువాత వస్తువును తిప్పే ఇరుసైన మాండ్రెల్‌ను ఆపివేసి, పనిముట్టును పట్టి జరిపే స్లైడ్ రెస్టు మీద బిగించిన చిన్న కట్టరును పైచట్రం నుంచి దిగే తాడుతో తిప్పుతారు. ఒక గాటు పడగానే పుల్లీ ముఖాన ఉన్న రంధ్రాల వరుసలో పిన్ను జరిపి, వస్తువును కొంచెం తిప్పి నిలిపి మరొక గాటు వేయాలి. నా లేతుకు 144, 120, 112, 96 రంధ్రాల వరుసలు ఉన్నాయి. ఆ 112 ఎందుకో మీకు చెప్పనక్కరలేదు, మిగతా మూడూ ఏడు సమభాగాలు కావు కనుక ఏడు రేకుల పువ్వు వాటిలో పడదు.

ఆ రంధ్రాలలో గట్టిపడిన నూనెను కిరసనాయిలుతో నానబెట్టి, ఇనుము తగలనీయకుండా వెదురు పుల్లతో ఒక్కొక్కటిగా తీశాను. డ్రిల్లు బిట్టు పెడితే తొందరగా అయ్యేదే కానీ, రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా రేకుల మధ్య ఎడం చెడిపోతుంది. మహాగని చట్రం మీది పాత లక్క పాలిష్‌ను గీకకుండా మైనం మాత్రం పట్టించాను. పాత తాడు జంతువుల పేగుతో పేనినది, ఈ మాట అమ్మకు చెప్పకండి. దాన్ని తీసేసి ప్లాస్టిక్‌ది వేశాను. దంతం జోలికి నేను పోను, 2018 చట్టం వచ్చాక ఇక్కడ దాని అమ్మకం చాలావరకు నిషిద్ధం కూడా. ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ ముక్కలు తెప్పించాను. ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర ఇంత సన్నని గాటుకు మెత్తనవుతుందేమోనని నా అనుమానం.

నాలుగు గంటలకే చీకటి పడే ఈ నెలల్లో గోడలు చూస్తూ కూర్చోవడం కంటే ఇదే నాకు హాయిగా ఉంది నాన్నగారూ. ఒంటరిగా ఉండి దిగులు పడుతున్నానని మీరు అనుకోవద్దు.

ఒక్క విషయం నాకు తేలడం లేదు. మాండ్రెలూ, అది తిరిగే కాలరూ రెండూ టెంపరు పెట్టిన ఉక్కువి, కాలరు కోను ఆకారంలో ఉంది. వెనుక స్క్రూ బిగిస్తే వదులు పోతోంది కానీ, కాసేపు తిరిగాక మాండ్రెల్ పట్టేస్తోంది. పలుచని నూనె వేసి చూడమంటారా, సన్నని పొడితో రుద్ది నునుపు చేసే లాపింగు చేయమంటారా? మీరు చెప్పేవరకు దాన్ని ముట్టుకోను. ఆదివారం ఫోను చేసినప్పుడు ముందు ఈ సంగతి తేల్చి, ఆ తరువాతే ఫోను అమ్మకు ఇవ్వండి.

మీ కుమారుడు,
శ్రీనివాసు