శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: పలాసకు స్పీచ్ థెరపిస్టును పంపించండి

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

నమస్కారములు. కాశీబుగ్గ దగ్గర ఒక పల్లెలో ఉంటూ, జీడిపప్పు కర్మాగారంలో పనిచేస్తున్న నేను, నాలుగేళ్ల బాబుకు తల్లిగా ఈ లేఖ రాస్తున్నాను.

మూడేళ్లు నిండేనాటికి మా బాబుకు ఐదారు మాటలకు మించి రాలేదు. దాహమేస్తే నా మణికట్టు పట్టుకుని బిందె దగ్గరకు లాక్కెళ్లేవాడు. నాకు అర్థం కాకపోతే నేల మీద పడి ఏడ్చేవాడు. మగపిల్లలకు మాట ఆలస్యమేనని ఊళ్లో అందరూ అన్నారు. మా అమ్మ వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసింది. నేనూ ఆరు నెలలు ఊరుకున్నాను, ఆ తప్పు నాదే.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైందని, దాని ప్రకారం అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలని, చూడవలసిన 30 సమస్యల్లో వినికిడి లోపం, మాట ఆలస్యం కూడా ఉన్నాయని మీకు నేను చెప్పనక్కరలేదు. మా బాబును పరీక్షించిన రోజు నేను పక్కనే ఉన్నాను. బరువు తూచారు, జబ్బ చుట్టుకొలత తీశారు, పళ్లు చూశారు. మాట్లాడతాడా అని అడుగుతుండగానే వాడు నా వైపు తిరిగి "అమ్మ" అన్నాడు, కాగితం మీద టిక్కు పడింది. వెనక అంతమంది పిల్లలు వరుసలో ఉంటే అంతకంటే చూసే తీరిక మాత్రం ఎవరికుంటుంది?

కుక్కర్ కూతకు ఉలిక్కిపడే పిల్లవాడు వెనక నుంచి మెల్లగా పిలిస్తే తిరగడం లేదని మొదట కనిపెట్టింది మా అంగన్‌వాడీ ఆయమ్మ. చెవుల డాక్టరుకు చూపిస్తే, రెండు కర్ణభేరుల వెనకా నీరు చేరిందని, అందువల్ల పెద్ద చప్పుళ్లు తెలిసినా మామూలు మాటలు వాడికి మసకగానే వినిపిస్తున్నాయని తేలింది. పిలిస్తే పలకడం లేదని, మొండివాడని నేను వేసిన దెబ్బలు ఇప్పుడు గుర్తుకొస్తే నిద్ర పట్టదు. అందుకే మాట ఆలస్యమైన ప్రతి బిడ్డకూ, మిగతావన్నీ తర్వాత, ముందు వినికిడి పరీక్ష జరిగేలా చూడమని కోరుతున్నాను.

మరో సంగతి. ఇంట్లో రెండు భాషలుంటే మాట రాదని, తెలుగు ఒక్కటే మాట్లాడమని ఎవరో పెద్ద చదువులవారే సలహా ఇవ్వడంతో, ఒడియా తప్ప మరొకటి సరిగా రాని మా అత్తగారు నాలుగు నెలలు మనవడి దగ్గర నోరు విప్పలేదు. జోలపాట కూడా మానేశారు. రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదని థెరపిస్టు చెప్పాకే ఆవిడ మళ్లీ పాడారు. ఇచ్ఛాపురం నుంచి మందస దాకా ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి కనుక, ఈ ఒక్క ముక్క అంగన్‌వాడీ కార్యకర్తలందరి శిక్షణలోనూ చేర్పించండి.

చెవికి వైద్యం అయింది, థెరపీ సాగుతోంది. ముప్పావు గంట పాఠానికి పలాసలో రైలెక్కి, శ్రీకాకుళం రోడ్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో పట్నానికి వెళ్లి, తిరిగి ఇల్లు చేరేసరికి పొద్దుగూకుతుంది. ఒక రోజు కూలి పోతుంది. వారం వారం ఇలా తిరగలేక మధ్యలో మానేసిన తల్లులు నాకు తెలుసు. ఉద్దానం కిడ్నీ రోగుల దూరాభారం తగ్గించడానికి 2023 డిసెంబరులో పలాసలోనే 200 పడకల ఆసుపత్రి తెరిచారు. మేము అడిగేది భవనం కాదు: ఒక గది, ఒక చాప, కొన్ని బొమ్మలు, వారానికి రెండు రోజులు వచ్చే స్పీచ్ థెరపిస్టు. అంగన్‌వాడీలు ఒక శాఖవి, పరీక్షించే బృందాలు మరో శాఖవి. ఆ రెండింటినీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టగలిగేది జిల్లాలో మీరే.

థెరపిస్టు వచ్చే రోజులను ముందుగానే అంగన్‌వాడీ గోడ మీద రాయిస్తే, పనిలో సెలవు చెప్పుకోవడానికి మాలాంటివారికి వీలవుతుంది.

ఇట్లు,
పలాస మండలం నుంచి ఒక తల్లి