అత్తమ్మ మోకాళ్లను అడిగి టికెట్ కొను

నల్లగొండ,
ఆదివారం

బావా,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలల్ల మూడు పేజీలు పైసల లెక్కనే ఉంది. విదేశం పోవుడానికి గ్రూపు టూరోళ్లు ఇంత అంటున్నరు, మనమే పోతే అంత అయితది, ఏది అగ్గువ చెప్పు అని. అగ్గువ సంగతి జర పక్కకు పెట్టు. ముందుగాల పోయేది ఎవరెవరో కాయితం మీద రాయి: నువ్వు, చెల్లెమ్మ, పదేండ్ల అల్లుడు, ఐదేండ్ల కోడలు పిల్ల, అరవై ఎనిమిదేండ్ల అత్తమ్మ. ఐదుగురిల అందరికన్న మెల్లగ నడిచేది ఎవరో ఆమెను చూసి టూరు ఎంచుకోవాలె. ఆ తర్వాత ఎన్ని ఊళ్లు తిరుగుతరో లెక్కపెట్టు. ఒకటి రెండు ఊళ్లయితే సొంతంగ పోవుడే మేలు. వారం పది రోజులల్ల నాలుగు దేశాలు చుట్టాలంటే మాత్రం గ్రూపు లేకుంటే ఇద్దరు పిల్లలతోటి రోజూ సామాను సర్దుడుకే సరిపోతది.

యూరప్ పోయే గ్రూపంటే నలభై, నలభై ఐదు మంది, ఒక బస్సు, ఒక టూర్ మేనేజర్. వాళ్ల భాషల "ఆరు-ఏడు-ఎనిమిది" అంటరు: ఆరింటికి లేపుడు, ఏడింటికి టిఫిను, ఎనిమిదింటికి బస్సు. పది నిమిషాలు ఆపుతం అన్నడంటే అరగంట అనుకో. ఆడోళ్ల బాత్రూం కాడ లైను కడతరు, యూరప్ హైవేల మీద చానా చోట్ల పైసలేస్తెనే గేటు తెరుచుకుంటది, చిల్లర కోసం సగం మంది సంచులు గెలుకుతుంటరు. అండ్ల మేనేజర్ తప్పు లేదు. ఆయన గడియారం చూసి ఎందుకు ఉరికిస్తడంటే, అక్కడి బస్సు డ్రైవర్ నాలుగున్నర గంటలు తోలిండంటే 45 నిమిషాలు ఆపాల్సిందే. రోజుకు తొమ్మిది గంటలకు మించి తోలొద్దు, వారంల రెండు దినాలు మాత్రం పది. బండిల ఉండే టాకోగ్రాఫ్ అంతా రాసుకుంటది, మన తీరుగ "ఇంకో గంటల పోతం తియ్" అంటే నడవదు. అందుకే పొద్దున ఎవరన్న లేటయితే ఆ కోత సాయంత్రం చూసేదాని మీద పడతది.

ఇగ టూరోళ్లు నీకు పంపిన ఆ రంగుల బుక్కు. అండ్ల బొమ్మలు చూడకు, మాటలు చూడు. "లోపలికి ప్రవేశంతో" అంటే టికెట్ వాళ్లదే. "ఫొటో స్టాప్" అంటే రోడ్డు మీద దించి పదిహేను నిమిషాలు ఇస్తరు. "ఓరియెంటేషన్ టూర్" అంటే బస్సు అద్దంలకెళ్లి చూసుడే. ఐఫిల్ టవర్ అని రాసి ఉంటే ఎన్నో అంతస్తో అడుగు: రెండో అంతస్తు 116 మీటర్లు, కొస 276. రెండింటికీ టికెట్ రేటు వేరు, బుక్కుల మాత్రం కొస మీదికెళ్లి తీసిన ఫొటోనే ఉంటది. హోటల్ పేరు పక్కన "లేదా అటువంటిది" అని ఉంటే ఊరి బయటనే అనుకో. రేటు తక్కువ, పెద్ద బస్సు నిలిపే జాగ దొరుకుతది. రాత్రి తిన్నంక బయట నాలుగు అడుగులు వేద్దమంటే అక్కడ హైవే తప్ప ఏం ఉండదు. ఇంకో మూడు ప్రశ్నలు అడిగి జవాబు కాయితం మీదనే తీసుకో. కనీసం ఎంతమంది కాకుంటే ఆ తారీఖు రద్దు చేస్తరు? టిప్పులు రోజుకు మనిషికి ఎంత, అది రేట్ల ఉన్నదా బయటనా? వీసా రాకుంటే ఎంత కట్ చేస్తరు? గ్రూపు టికెట్లల్ల పేరు మార్చుడు, తారీఖు జరుపుడు ఇంచుమించు కుదరని పని. నీ సీటు నీ పక్కన పిల్ల సీటు కాకపోవచ్చు, అది గూడ అడుగు.

అయితే గ్రూపును మొత్తం తీసిపారేయకు. అన్నం, పప్పు వేళకు దొరుకుతది, పెట్టెలు బస్సు కడుపుల పడతయి, యూరప్ దేశాల షెంగెన్ వీసా ఫైలు వాళ్లే కుట్టిస్తరు. ఆ వీసా పెద్దోళ్లకు 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేండ్ల పిల్లలకు 45, ఆరు లోపు పిల్లలకు ఉత్తగనే. 30 వేల యూరోలకు తగ్గని ఇన్సూరెన్స్ ఉండాలె. ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి పెట్టొచ్చు, ఆఖరుకు 15 రోజుల ముందన్న పెట్టాలె. వేసవి అపాయింట్‌మెంట్లు ముందే అయిపోతయి కాబట్టి మే ప్రయాణానికి ఏప్రిల్‌ల లేస్తే లాభం లేదు. ఎక్కువ రాత్రులు ఏ దేశంల పడుకుంటవో ఆ దేశానికే పెట్టాలె. అపాయింట్‌మెంట్ తొందరగ దొరికిందని వేరే దేశానికి పెడితే వెనక్కి కొట్టే అవకాశం ఉంది.

పైసల లెక్కల నువ్వు మర్చిపోయింది టీసీఎస్. విదేశీ ప్యాకేజీ కొంటే కంపెనీ నీ పాన్ మీద ముందే కొంత పన్ను పట్టుకుంటది. 2023 అక్టోబర్‌ల ఏడు లక్షలు దాటిన దానికి 20 శాతం పెట్టిండ్రు, 2025 ఏప్రిల్‌ల ఆ గీతను పది లక్షలకు జరిపిండ్రు. బడ్జెట్ బడ్జెట్‌కు ఇది కదులుతనే ఉంటది, అందుకే నువ్వు కట్టే నెల రేటు అడుగు. ఇది పోయే పైస కాదు, రిటర్న్ వేసినప్పుడు లెక్కల కలుస్తది. కాని అప్పటిదాక నీ చేతిల ఉండదు గద. ఫ్లైట్ టికెట్ ఒక్కటే కొంటే, లేదా హోటల్ ఒక్కటే కొంటే అది ప్యాకేజీ కిందికి రాదు. రెండు కలిపి ఒక్కని దగ్గర తీసుకుంటేనే వస్తది. నువ్వు రాసుకున్న రెండు మొత్తాలల్ల ఒకదాంట్ల ఇది ఉంది, ఇంకోదాంట్ల లేదు. ఇగ పోలికెట్ల కుదురుతది?

నా మాట అడిగితే ఈసారి మీరు సింగపూర్, కౌలాలంపూర్ పోండ్రి, సొంతంగనే. సింగపూర్ నాలుగు రాత్రులు, కౌలాలంపూర్ మూడు. హైదరాబాద్ నుంచి రెండింటికీ నేరుగ ఫ్లైట్లున్నయి. నీకైతే ఇంకా అల్క, పాలమూరు నుంచి జడ్చర్ల దాటి బెంగళూరు రోడ్డు పట్టుకుంటే శంషాబాద్ దారిలనే తగులుతది, పట్నంలకు పోయే పని లేదు. టికెట్ కొనేటప్పుడు "మల్టీ సిటీ" అని పెట్టి సింగపూర్‌ల దిగు, కౌలాలంపూర్ నుంచి తిరిగి ఎక్కు. చానా మంది పోను రాను సింగపూర్ టికెట్ కొంటరు. మలేసియా పోయి మళ్ల సింగపూర్‌ల అడుగు పెట్టాలంటే రెండోసారి ప్రవేశానికి వీసా పనికి రావాలె, పైంగ ఒక రోజు దారిలనే పోతది. నడిమిట్ల బస్సుల పోతే సరిహద్దు కాడ రెండుసార్లు దిగాలె, ఒకసారి సింగపూర్ తనిఖీకి, ఒకసారి మలేసియా తనిఖీకి. పెట్టెలు, పిల్లలు, అత్తమ్మ, అన్నిటితోటి. శుక్రవారం సాయంత్రం అసలే వద్దు. చిన్న ఫ్లైట్ పట్టుకో.

సింగపూర్ వీసా అధీకృత ఏజెంటు ద్వారా పెట్టాలె, సర్కారు ఫీజు 30 సింగపూర్ డాలర్లు, వచ్చినా రాకపోయినా వాపస్ ఇయ్యరు. దిగే ముందు మూడు రోజుల లోపల అరైవల్ కార్డు ఆన్‌లైన్ల నింపాలె, ఐదుగురికి ఐదు. మలేసియాకు గూడ ఇట్లాంటిదే ఒకటుంది. రెండూ ఉత్తగనే. గూగుల్ కొడితే ముందుగాల పైసలడిగే సైట్లు వస్తయి, వాటి మొకం చూడకు.

రూముల కాడనే ఎక్కువ మంది దెబ్బ తింటరు. ఇద్దరికని బుక్ చేసి ఐదుగురు పోతే కౌంటర్ కాడనే ఆపుతరు. పిల్లల వయసు గూడ రాయాలె. ఇల్లు కిరాయికి తీసుకుందమంటే సింగపూర్‌ల ప్రైవేటు ఇండ్లను మూడు నెలలకు తక్కువ ఇచ్చుడు చట్టానికి విరుద్ధం, ఎవడన్న ఆన్‌లైన్ల చూపినా కొనకు. లిటిల్ ఇండియా స్టేషన్ దగ్గర పక్కపక్క రెండు రూములు, లేకుంటే సర్వీస్ అపార్ట్‌మెంట్ చూసుకో. సెరంగూన్ రోడ్డు మీద ఇడ్లీ, అన్నం, పెరుగు దొరుకుతయి, వీరమాకాళి గుడి గూడ అక్కడనే. అత్తమ్మకు రోజూ జొన్న రొట్టె అయితే దొరకదు, అది ముందే చెప్పు. మెట్రోల నీ బ్యాంకు కార్డునే తాకించి పోవచ్చు, ఒక మనిషికి ఒక కార్డు. ఎయిర్‌పోర్ట్ నుంచి మెట్రో అంటే తనా మెరా స్టేషన్ కాడ మారాలె. దిగిన రోజు మాత్రం పెద్ద టాక్సీ పెట్టుకో, అక్కడ పీనాసితనం చేయకు.

యూనివర్సల్ స్టూడియోకు కోడలు పిల్ల ఎత్తు కొలిచి పో. ఒక్కో ఆటకు ఒక్కో గీత ఉంటది, 122 సెంటీమీటర్ల లోపోళ్లను కొన్నిటి మీదికి ఎక్కనియ్యరు. మీ ఇద్దరిల ఒకరు ఆమె కాడ ఉంటే ఇంకొకరు అల్లునితోటి ఎక్కొచ్చు, అత్తమ్మను ఆ రోజు హోటల్ల పడుకోనియ్యి. గ్రూపుల ఇది కుదరదు చూడు. గార్డెన్స్ బై ద బే దీపాల ఆట రాత్రి 7.45కు, 8.45కు ఉంటది, టికెట్ లేదు. కౌలాలంపూర్‌ల బత్తు గుహలకు 272 మెట్లు. సెంట్రల్ స్టేషన్ నుంచి లోకల్ రైలు నేరుగ గుడి కాడికే పోతది. అత్తమ్మను కిందనే మురుగన్ విగ్రహం కాడ కూసోబెట్టి మీరు ఎక్కండ్రి. అక్కడి కోతులు మన శ్రీశైలం దారి కోతులకు మేనత్త కొడుకులు, చేతిల కవరు కనబడొద్దు.

డబ్బాలు కట్టే కాడ చెల్లెమ్మకు ఒక్క ముచ్చట గట్టిగ చెప్పు: మసాల పొడిల గసగసాలు ఉండొద్దు. సింగపూర్‌ల గసగసాలు నిషేధం, దుబాయ్‌ల గూడ అంతే. చూయింగ్ గమ్ గూడ వద్దు. సకినాలు, పల్లి పట్టీలు మంచిగ తీస్కపోండ్రి. అత్తమ్మ బీపీ, షుగర్ గోలీలు స్ట్రిప్పుతోటే, డాక్టర్ చీటీతోటే చేతి సంచిల పెట్టుకోవాలె. పెట్టె తప్పిపోతే గోలీలు గూడ పోతయి. ఇన్సూరెన్స్ ఫారంల ఆ రెండు జబ్బులు దాచకు, దాస్తే క్లెయిమ్ కాడ దొరుకుతవు. పవర్ బ్యాంక్ గూడ చేతి సంచిలనే, పెట్టెల వేస్తే తీసి పారేస్తరు. ప్లగ్గుకు మూడు పొడుగు చదరపు పుల్లలది కావాలె, రెండు దేశాలకూ అదే.

కార్డు గీసినప్పుడు మిషన్ "రూపాయలల్లనా, ఇక్కడి డాలర్లల్లనా" అని అడుగుతది. రూపాయలు కనబడంగనే మన చెయ్యి అటే పోతది. నొక్కకు. అండ్ల వాడు పెట్టిన రేటు పడతది. ఇక్కడి డాలర్లే నొక్కు. మామూలు క్రెడిట్ కార్డుకు మూడున్నర శాతం దాక మార్కప్, దాని మీద జీఎస్టీ ఉంటది కాబట్టి విదేశీ పైసలు ముందే నింపుకునే ఫారెక్స్ కార్డు ఒకటి తీసుకో.

మళ్ల అత్తమ్మ దగ్గరికి వస్త. సొంతంగ తిరిగితే రోజుకు పదివేల అడుగులు సులువుగ దాటుతయి. ఈ వారం ఆమెను తోలుకొని మెట్టుగడ్డ నుంచి క్లాక్ టవర్ దాక నడువు, మళ్ల వాపస్ నడువు. తెల్లారి గూడ అంతే నడవగలిగితే సొంతంగ పోండ్రి. రెండో రోజు మోకాళ్లు పట్టేస్తే సింగపూర్ సిటీ చూసుడు వరకు డ్రైవర్‌తోటి బండి పెట్టుకుందం, ఎయిర్‌లైన్‌కు రెండు రోజుల ముందే వీల్‌చైర్ చెబుదం. దానికోసమని మొత్తం గ్రూపుల చేరే అవసరం లేదు.

ఇగ ఐదు పాస్‌పోర్టులు ముందల వేసుకొని తారీఖులు చూడు. తిరిగొచ్చే రోజు నుంచి గూడ ఆరు నెలలు మిగిలి ఉంటే మంచిది. పిల్లలది ఐదేండ్లకే అయిపోతది, అల్లునిది నాకు అనుమానమే. అయిపోతే మీ పాలమూరు పోస్టాఫీసు పాస్‌పోర్ట్ కేంద్రంల పెట్టు, మీ ఇద్దరి సంతకాల అనెక్జర్-డి ఫారం మర్చిపోకు. అత్తమ్మ పాస్‌పోర్ట్ల ఇంటిపేరు గడి ఖాళీగ ఉందా అది గూడ చూడు. దుబాయ్ విజిట్ వీసాకు ఒక్కటే పేరుంటే రానియ్యరు, రేపు ఎప్పుడన్న అటు పోదమంటే అడ్డం పడతది. తారీఖులు, పేర్ల స్పెల్లింగులు ఉన్నదున్నట్టు రాసి పంపు. అవి చేతికొచ్చినంకనే టికెట్ల ముచ్చట.

నీ బావ